నల్లకోటాయన

ఆలిస్టర్ ప్రింగిల్ మీద సార్జెంట్ జో ఫ్లెట్‌కి ఉన్న కోపం ఇవాళ్టిది కాదు. ఎడిన్‌బరో నుంచి ఇన్‌స్పెక్టరుగా దిగిన మొదటి రోజే ఆ పెద్దమనిషి జో గదిలోకొచ్చి, కిటికీ పక్క కుర్చీ తనకి కావాలన్నాడు. రెండో రోజు, జో ఏళ్ళ తరబడి చూస్తున్న రేవు కేసులన్నీ తన బల్ల మీదకి తెప్పించుకున్నాడు. మూడో రోజు కాఫీ కప్పు చేత్తో పట్టుకుని, "ఊళ్ళో అందరూ నిన్ను లాటిన్ అంటారేంటి ఫ్లెట్? పదిహేనో ఏటే బడి మానేశావట కదా" అని నలుగురి ముందూ అడిగాడు. నలుగురూ నవ్వారు.

జవాబు చెప్పినా ఆ మనిషికి ఎక్కదు. స్కేర్‌హేవెన్‌లో సగం ఊరు ఫ్లెట్‌లే. రేవులో నిలబడి ఫ్లెట్ అని కేకేస్తే ప్రతి పడవలోంచీ ఒక తల లేస్తుంది. అందుకని ఇంటింటికీ ఒక మారుపేరు ఉంటుంది. జో ముత్తాత ఎవరో కోట గుమ్మం మీది లాటిన్ అక్షరాల్ని పెద్ద గొంతుతో, తప్పుల తడకగా చదివాడట. ఆ రోజు నుంచి ఆ ఇల్లు లాటిన్ వాళ్ళిల్లు. ఆ పేరు వాళ్ళకి ఎగతాళి కాదు. అసలు పేరు పోయినా ఊరుకుంటారు గాని అది పోతే ఊరుకోరు.

ఇప్పుడు అదే ప్రింగిల్, గిబ్ వుడ్‌ని హత్యానేరం మీద లోపలేశాడు. సాయంత్రం నాలుగింటికి వ్యాన్ వస్తుంది. గిబ్ ఆబర్డీన్ జైలుకి వెళ్ళిపోతాడు. ఆ తర్వాత కేసు జో చేతికి అందదు.

చచ్చిపోయింది ఎల్స్‌పెత్ మేర్. డన్‌స్కేర్ కోట చూడ్డానికి వచ్చినవాళ్ళని వెంటబెట్టుకుని తిప్పి, కథ చెప్పే మనిషి. మొన్న మధ్యాహ్నం కోట సముద్రద్వారం కింద, రాళ్ళ మీద, తల పగిలి దొరికింది. గిబ్ ఆ తీరంలో కోట నుంచి కోటకి, అక్కడి నుంచి లైట్‌హౌస్‌కి జనాన్ని తిప్పే బస్సు డ్రైవరు. ఇద్దరికీ రోజూ గొడవే.

ప్రింగిల్ లెక్క ప్రకారం సాక్ష్యం గట్టిదే. విల్లీ ఫ్లెట్ అనే ముసలి స్కిప్పరు ఆ సమయానికి జనాన్ని పడవలో ఎక్కించుకుని కోటని సముద్రం వైపు నుంచి చూపిస్తున్నాడు. 'నల్లకోటు వేసుకున్నవాడు' ఎల్స్‌పెత్‌తో పోట్లాడుతున్నాడని పడవలోంచే రేవుకి రేడియోలో చెప్పాడు. రేవు చేరాక పక్షవాతం వచ్చి పడిపోయాడు. ఇప్పుడు ఎల్గిన్ ఆసుపత్రిలో నోట మాట లేకుండా ఉన్నాడు. బస్సు కంపెనీ గిబ్‌కి ఇచ్చిన కోటు నల్లది. ఎల్స్‌పెత్ అరచేతికి పసుపు రంగు అంటుకుని ఉంది. గిబ్ బస్సు పసుపు. పైగా ఇరవై నిమిషాల పాటు గిబ్ బస్సులో లేడు.

"ఒరే లాటినూ, కాస్త పొగబెట్టిన చేప సూపు తెప్పించరా. ఇక్కడ పెట్టేది కుక్క కూడా ముట్టదు," అన్నాడు గిబ్, జో లోపలికి రాగానే.

"తర్వాత తెప్పిస్తా. ఆ ఇరవై నిమిషాలు ఎక్కడున్నావ్?"

"బస్సులో."

"లేవని బస్సులోని ఆరుగురు డచ్చివాళ్ళు చెప్పారు."

"వాళ్ళకి నా మొహమే తెలీదు. నా వీపే తెలుసు."

"వీపు కూడా కనబడలేదన్నారు."

గిబ్ గోడ వైపు తిరిగి కూచున్నాడు. చిన్నప్పుడు దెబ్బ తగిలినా అలాగే తిరిగేవాడు. ఇద్దరూ ఒకే బడి నుంచి ఒకే ఏడు బయటపడినవాళ్ళు.

"గిబ్, నాలుగింటికి వ్యాన్ వస్తుందిరా. నువ్వు నోరు విప్పకపోతే పాతికేళ్ళు."

గిబ్ గోడకే చెప్పాడు. "పాత వంటింటి గోడ వెనక ఉన్నా."

"ఏం చేస్తున్నావ్?"

"కథ వింటున్నా."

"ఎవరి కథ?"

"ఎల్స్‌పెత్ కథేరా, ఇంకెవరిది. రోజూ వెళ్తా. అక్కడైతే కనబడను. విస్కీ దుకాణం దగ్గర గంట ఆపుతావు, కోట దగ్గర అరగంట ఆపుతావు, నీ మొహానికి కథెందుకని అది తిడుతుంది. నీ కథ వల్ల లైట్‌హౌస్‌కి ఆలస్యమవుతోందని నేను తిడతా. నేను వినడానికే వెళ్తున్నానని తెలిస్తే నెత్తినెక్కి కూచోదూ?"

"ఎన్నాళ్ళుగా?"

"ఏడేళ్ళుగా."

"ఏడేళ్ళుగా అదే కథా?"

"అదే. అందులో మా ముత్తవ్వ ఉంది. మీ ముత్తవ్వా ఉంది. వినకుండా ఎలా ఉంటారా?"

ఆ కథ జోకీ కంఠతా వచ్చు. ఊళ్ళో మగాళ్ళంతా చేపల వేటకి పోయిన రోజు శత్రువుల ఓడలు వచ్చాయి. ఆడవాళ్ళు మొగుళ్ళ కోట్లు తెచ్చి, తెడ్లకి తొడిగి, కోటగోడ పొడుగునా నిలబెట్టారు. సైన్యం ఉందనుకుని ఓడలు వెనక్కి తిరిగాయి. ఎల్స్‌పెత్ ఆ మాట చెప్పేటప్పుడు, తనే ఆ గోడెక్కి నిలబడినట్టు మెడ ఎత్తేది.

"మొన్న ఎందాకా చెప్పింది?"

"కోట్లు తెడ్లకి తొడిగిందాకా. అక్కడ ఆగిపోయింది. వలల పచ్చిక వైపు చూసింది. 'మిగతాది రేపు' అనేసింది." గిబ్ ఇటు తిరిగాడు. "జో, అది ఏనాడూ అక్కడ ఆపలేదురా. కోట్లు తొడిగాక ఓడలు తిరగాలి. తిరక్కుండానే వదిలేసి పచ్చిక వైపు పోయింది."

"నువ్వు వెంట వెళ్ళలేదా?"

"వెళ్తే చాటుగా విన్న సంగతి బయటపడదూ? వెనక్కొచ్చి బస్సెక్కా." గిబ్ మళ్ళీ గోడ వైపు తిరిగాడు. "వెళ్ళుంటే బతికేదేమో."

"ఇదంతా ప్రింగిల్‌కి చెప్పొచ్చుగా?"

"ఆ ఎడిన్‌బరోవాడికా? గోడ వెనక నక్కి కథ వింటానని చెప్పి నవ్వించుకోనా? పాతికేళ్ళే నయం."

జో సూపు తెప్పించమని బయట కానిస్టేబులుకి చెప్పి వెళ్ళాడు. అతని బుర్రలో పచ్చికే తిరుగుతోంది. కోట పక్కన, కొండకొన మీద, లాటిన్ ఫ్లెట్‌లు తరతరాలు వలలు ఆరేసుకున్న నేల అది. పడవ అమ్మేసిన ఏడు జో తండ్రి దాన్ని చర్చికి ఇచ్చేశాడు. కోటకి వచ్చేవాళ్ళు ఎప్పటికీ దాని మీదుగానే నడవాలి, ఎవరూ గేటు పెట్టకూడదు, పెట్టిన రోజున నేల తిరిగి ఇంటికి రావాలి అన్న మాట మీద ఇచ్చాడు. ఊళ్ళో అంత గొప్పగా ఎవరూ ఏదీ ఇవ్వలేదని జో ఇప్పటికీ అనుకుంటాడు. ఎల్స్‌పెత్ అటు చూసి ఆగిపోయేంతగా అక్కడేం కనబడింది?

ఒంటిగంటకి ప్రింగిల్ పడవ సిద్ధం చేయించాడు. విల్లీ ఎక్కడి నుంచి చూశాడో, అక్కడి నుంచి మనిషి ఆనవాలు పడుతుందో లేదో తేల్చుకోవాలట. పడవ విల్లీదే. చుక్కాని దగ్గర నిలబడింది అతని పడవలో పనిచేసే కోస్టీ. అతను గిబ్‌కి బావమరిది కూడా. అందుకని ప్రింగిల్‌ని చూసిన దగ్గర్నుంచీ పళ్ళు నూరుతూ ఉన్నాడు.

రేవు దాటాక ప్రింగిల్ మంచి హుషారులో పడ్డాడు. "ఒక్కటి మాత్రం ఒప్పుకోవాలి ఫ్లెట్. మీ తీరంలో తిండి బాగుంటుంది. నిన్న హోటల్లో సాల్మన్ తిన్నాను చూడు, అలాంటి సాల్మన్..."

కోస్టీ చుక్కాని వదిలేసి పక్కనున్న ఇనుప కమ్మీ పట్టుకున్నాడు. "చల్లినుము, చల్లినుము," అని గొణిగాడు. జో చెయ్యి కూడా దానంతటదే వెళ్ళి కమ్మీని తాకింది.

"ఏమైంది?"

"ఆ చేప పేరు పడవలో అనకూడదు సార్, అంటే కీడు పోవడానికి చల్లటి ఇనుము ముట్టుకోవాలి. ఎర్రచేప అనాలి," అన్నాడు జో.

"ఓహో. మరి పంది అనొచ్చా?"

"జో, ఈయన్ని ఇక్కడే దింపేస్తా. ఈదుకుంటూ రమ్మను," అన్నాడు కోస్టీ.

ప్రింగిల్ నవ్వాడు. "ఇలాంటివి ఇంకా ఎన్నున్నాయి?"

"కొన్ని ఉన్నాయి. నీళ్ళ మీదే అంటాం. ఒడ్డెక్కితే మాకే గుర్తుండవు."

కోట కొండ చుట్టూ తిరిగేసరికి సముద్రద్వారం ఎదురుగా వచ్చింది. రాతి మెట్లు నీళ్ళలోకి దిగి ఉన్నాయి. ఎన్నిసార్లు చూసినా ఆ గోడలు చూస్తే జో ఛాతీ కొంచెం వెడల్పవుతుంది. ప్రింగిల్ జేబులోంచి చిన్న టేపురికార్డరు తీశాడు. రేవు ఆఫీసులో విల్లీ మాటలు పట్టిన టేపు. దాన్ని అతను ఇంతవరకూ ఎవరికీ వినిపించలేదు. జో చదివింది అతను రాసిన రిపోర్టు మాత్రమే.

టేపు గరగరలాడింది. తర్వాత విల్లీ గొంతు.

"రేవు, రేవు, విల్లీని. సముద్రద్వారం మెట్ల మీద ఎల్స్‌పెత్, నల్లకోటాయన పోట్లాడుకుంటున్నారు. ఎవరినైనా పంపండి. మెట్లు జారుడుగా ఉన్నాయి."

జో కదల్లేదు. "మళ్ళీ వేయండి."

ప్రింగిల్ మళ్ళీ వేశాడు.

"రిపోర్టులో 'నల్లకోటు వేసుకున్నవాడు' అని రాశారు."

"అయితే?"

"విల్లీ అన్నది నల్లకోటాయన."

"వాడైతే ఏంటి, ఆయనైతే ఏంటి? కోటు నల్లదేగా."

కోస్టీ మెల్లగా తల తిప్పి జో వైపు చూశాడు. జో అతని వైపు చూశాడు. ఇద్దరి చేతులూ కమ్మీ మీదే ఉన్నాయి. ఒడ్డున ఆ రిపోర్టు చదివినప్పుడు జోకి తట్టలేదు. తండ్రి పడవలో నాలుగేళ్ళు తిరిగిన వాడికి, కాళ్ళ కింద పలక ఊగుతుంటే అదే మాట వేరేగా వినబడింది.

"ఏంటి మీ ఇద్దరి సైగలు?"

"విల్లీ కోటు గురించి చెప్పలేదు సార్. మనిషెవరో చెప్పాడు."

"ఎవరు?"

"ఒడ్డెక్కాక చెప్తాను."

"ఇప్పుడే చెప్పు. ఇది నా ఆజ్ఞ."

"ఈ పడవలో చెప్పను."

ప్రింగిల్ మొహం ఎర్రబడింది. "నువ్వు పోలీసువా, భూతవైద్యుడివా? నిన్ను ఈ కేసులోంచి తప్పించడానికి ఇదొక్కటి చాలు."

"రాసుకోండి. ఇది విల్లీ పడవ. ఆయన అక్కడ ఆసుపత్రిలో కొట్టుకుంటున్నాడు. ఆయన తన పడవలో అననిది నేను అనను. కోస్టీ, మెట్లకి పట్టించు."

పడవ మెట్లని రాసుకుంది. జో ముందు దూకాడు. రెండు కాళ్ళూ రాతి మీద ఆనాక వెనక్కి తిరిగాడు.

"పాస్టరు," అన్నాడు.

"ఏమన్నావ్?"

"మీరూ దిగండి సార్. పాస్టరు అన్నాను. చర్చి పాస్టరు పేరుగాని, ఆ మాటగాని మావాళ్ళు నీళ్ళ మీద అనరు. అంటే పడవకి కీడు. నల్లకోటాయన అంటారు. ఎల్స్‌పెత్‌తో పోట్లాడింది రెవరెండ్ క్రాఫర్డ్."

ప్రింగిల్ మెట్టు మీద తూలి నిలదొక్కుకుని గట్టిగా నవ్వాడు. "క్రాఫర్డ్ మొన్న ఆకుపచ్చ స్వెటర్లో ఉన్నాడు. నా కళ్ళతో చూశాను. శవం దగ్గరికొచ్చి ప్రార్థన చేశాడు. నల్లకోటు ఆదివారం మాత్రమే వేస్తాడు."

"ఆయన ఈతకి దిగినా మాకు నల్లకోటాయనే సార్. కోట్లు చూసి మనుషులున్నారనుకుని ఓడలవాళ్ళు వెనక్కి తిరిగారు. మీరూ కోటు చూసి గిబ్‌ని పట్టుకున్నారు. ఎల్స్‌పెత్ ఇక్కడ రోజూ చెప్పింది ఆ కథే."

ప్రింగిల్ నవ్వు ఆగింది. "పాస్టరుకి ఆవిణ్ణి చంపాల్సిన అవసరం ఏముంది?"

"అదే చూద్దాం. పైకి రండి."

లోపలి మెట్లెక్కి, పాత వంటిల్లు దాటి, పచ్చిక మీదకి వచ్చారు. గోడ మీద చూడ్డానికొచ్చిన జనం ఫొటోలు తీసుకుంటున్నారు. కథ చెప్పే మనిషి లేక, ఏ గోడ ఏమిటో తెలీక, ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకుంటున్నారు.

పచ్చిక అంచు వెంబడి ఇనుప గూటాలు పాతి ఉన్నాయి. ఒక్కొక్కటి మోచెయ్యంత ఉంటుంది. తలకి పసుపు రంగు. కింద తుప్పు.

"పాత కోటల్ని తవ్వి చూసే తవ్వకాలవాళ్ళవి," అన్నాడు ప్రింగిల్. "మొన్నే గమనించాను."

"తవ్వకాలవాళ్ళు కర్ర మేకులు కొట్టి దారం కడతారు. ఇవి నేల కొలిచి హద్దు పెట్టేవాళ్ళవి." జో వరస వెంట నడిచి ఒకచోట మోకాళ్ళ మీద కూచున్నాడు. అక్కడ గూటం లేదు. బొక్క ఉంది. చుట్టూ మట్టి కొత్తగా లేచి ఉంది. ఎవరో రెండు చేతులతో ఊపి ఊపి పీకినట్టు బొక్క నోరు వెడల్పయింది. "ఎల్స్‌పెత్ చేతిలో డాక్టరు చూసింది ఒట్టి పసుపు రంగేనా?"

ప్రింగిల్ జేబులోంచి నోటుబుక్కు తీసి చూశాడు. "తుప్పు కూడా ఉందన్నాడు."

"గిబ్ ఆ బస్సుని రోజూ కడిగి తుడుస్తాడు. దాని మీద తుప్పుందని మాత్రం వాడితో అనకండి. అప్పుడు నిజంగానే హత్య చేస్తాడు."

ప్రింగిల్ నవ్వబోయి ఆపుకున్నాడు. తనూ వంగి పక్క గూటాన్ని గోటితో గీకాడు. గోటి కింద పసుపూ తుప్పూ రెండూ వచ్చాయి. చాలాసేపు ఆ గోరే చూసుకున్నాడు.

పచ్చిక పైన పాస్టరు ఇల్లు. కిటికీలోంచి చూసినట్టున్నాడు, రెవరెండ్ నినియన్ క్రాఫర్డ్ తీరిగ్గా నడుచుకుంటూ దిగొచ్చాడు. అదే ఆకుపచ్చ స్వెటరు.

"జో, ఇన్‌స్పెక్టర్ గారూ, చలిలో ఏంటి ఇక్కడ? రండి, టీ తాగుదాం."

"ఈ గూటాలు మీవేనా పాస్టరు గారూ?" అడిగాడు జో.

"చర్చివి. పైకప్పు కారుతోంది, నీకు తెలీనిదేముంది. హోటలు కట్టుకుంటామని ఒకళ్ళు అడిగారు. కోట పక్కన కదా, మంచి బేరం."

"గేటు పెడతారా?"

"హోటలన్నాక గేటుండదా?"

"మరి మా నాన్నకిచ్చిన మాట?"

"అది కాగితం మీద లేదు జో. విన్నది ఇద్దరే. ఎల్స్‌పెత్, అప్పటి పాస్టరు. ఆయన పోయి చాలా ఏళ్ళయింది."

"ఎల్స్‌పెత్ పోయి రెండు రోజులైంది," అన్నాడు జో.

పాస్టరు నిట్టూర్చాడు. "ఆవిడ బాధ నాకు తెలీక కాదు. నీకు చెప్పేస్తానంది. చెప్పుకోమన్నాను. కానీ ఆ ఇనుము మొహం మీద ఝళిపిస్తూ ఆ మెట్ల మీద కేకలు పెడితే, ఎంత ఓర్పున్నవాడు మాత్రం..."

"ఏ ఇనుము?"

అడిగింది ప్రింగిల్. మెల్లగా అడిగాడు. అడిగి, పాస్టరుకీ ఇంటికీ మధ్యకి జరిగి నిలబడ్డాడు.

పాస్టరు ఒక అడుగు వెనక్కి వేశాడు.

"ఇక్కడ గూటం పీకి ఉందని మేం ఇప్పుడే చూశాం. ఇంకా ఎవరికీ చెప్పలేదు. శవం దగ్గర ఇనుమేదీ దొరకలేదు," అన్నాడు ప్రింగిల్. "మీరు దాన్ని ఎక్కడ చూశారు రెవరెండ్?"

గోడ మీది జనంలో ఎవరో నవ్వుతున్నారు. పాస్టరు అటు చూశాడు, సముద్రం వైపు చూశాడు, చివరికి జో వైపు తిరిగాడు. గొంతు ఏమాత్రం వణకలేదు.

"మాట జారాను, సరే. మాట జారితే ఉరేయరు. నేను మెట్ల మీద ఉన్నానని చెప్పాల్సింది విల్లీ. విల్లీకి నోరు లేదు. అతని మాటకి అర్థం చెప్పేది ఎవరు? కోస్టీ గిబ్‌కి బావమరిది, అతన్నెవరూ నమ్మరు. మిగిలింది నువ్వు. నా లాయరు నిన్ను ఒక్కటే అడుగుతాడు జో. నల్లకోటంటే పాస్టరని చెప్తున్నావు, గేటు పెట్టబోయాడని ఆ పాస్టరుకి శిక్ష పడితే, మీ నాన్న మాట ప్రకారం ఈ నేల తిరిగి ఎవరికొస్తుంది? అప్పుడేం చెప్తావు?"

అది నిజమని ప్రింగిల్‌కీ తెలుసు. నేల మీద ఆశ ఉన్నవాడి సాక్ష్యం కోర్టులో పూచికపుల్ల. ఆ పుల్ల విరిగితే గిబ్ వెళ్ళేది ఆబర్డీనే.

జో లేచి మోకాళ్ళ మట్టి దులుపుకున్నాడు. గడియారం మూడు దాటింది. పచ్చిక మీద గాలి ఒకే వైపు వీస్తోంది. తండ్రి ఇక్కడే గోధుమరంగు వలలు పరిచి, మధ్యలో నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడి, 'రాజు కోట కట్టుకున్నాడురా, దానికి వాకిలి మాత్రం మనదే' అనేవాడు. ఆయన అన్నవాటిల్లో జోకి బాగా గుర్తున్న మాట అదొక్కటే.

"సార్, రాసుకోండి," అన్నాడు.

"ఏం రాయాలి?"

"వలల పచ్చిక మీద నాకుగాని, నా తర్వాత మా ఇంటివాళ్ళకిగాని ఏ హక్కూ లేదు. నేల తిరిగొచ్చే రోజు వస్తే అది మాకు రాదు. కోటతో పాటే, చూడ్డానికొచ్చేవాళ్ళ కోసం, ఊరికి పోతుంది. గేటు లేకుండా. నేను సంతకం పెడతాను, మీరు సాక్షి సంతకం పెట్టండి."

పాస్టరు మొహంలో అప్పటిదాకా ఉన్న తీరిక పోయింది.

ప్రింగిల్ కలం తీశాడు గాని వెంటనే రాయలేదు. "ఆలోచించుకో ఫ్లెట్. నీకు ఇంకెక్కడైనా నేలుందా?"

"లేదు."

"పోనీ, రేపు..."

"నాలుగింటికి వ్యానొస్తుంది సార్."

ప్రింగిల్ ఒక్క క్షణం అతన్నే చూశాడు. "పూర్తి పేరు చెప్పు."

"జోసెఫ్ ఫ్లెట్, లాటిన్."

ప్రింగిల్ లాటిన్ అని కూడా రాశాడు. అక్షరం అక్షరం నిదానంగా, తప్పు పోకుండా రాశాడు. జో సంతకం పెట్టాడు. ప్రింగిల్ కింద తనది పెట్టి, ఒక చేత్తో పాస్టరు మోచెయ్యి పట్టుకుని, రెండో చేత్తో రేడియో తీసి స్టేషన్‌ని పిలిచాడు. వ్యాన్ ఆపమన్నాడు. గిబ్ వుడ్‌ని వదిలేయమన్నాడు. సముద్రద్వారం కింద నీళ్ళలో ఇనుప గూటం కోసం ఈతగాళ్ళని పంపమన్నాడు.

గోడ మీది జనంలోంచి ఒక ముసలామె దిగొచ్చి, ఈ పచ్చిక దాటి కోట లోపలికి ఇటే వెళ్ళొచ్చా అని జోని అడిగింది. వెళ్ళొచ్చన్నాడు. ఎప్పుడైనా వెళ్ళొచ్చన్నాడు.

ప్రింగిల్ కాగితం మళ్ళీ చదువుకున్నాడు. "విస్తీర్ణం రాయలేదు. ఎంతుంటుంది?"

జో నేల వైపు చూడలేదు. చూడక్కర్లేదు.

"ఎకరం ముప్పై సెంట్లు."